కాలకముందే కాలిన మొహం

2005లో నేను నోయిడాలోని ఒక గేమ్ స్టూడియోలో ఆర్ట్ లీడ్‌గా ఉండేదాన్ని. కంప్యూటర్‌లో ఆడే ఆటలకు బొమ్మలు చేసే కార్ఖానా అనుకోండి. ఆట ఎక్కడో యూరప్‌లో పుడుతుంది. అందులో తిరిగే మనుషులు, గుర్రాలు, కోటలు, కుండలు మాత్రం మా దగ్గర తయారవుతాయి. "ఏం ఉద్యోగమమ్మా?" అని ఎవరైనా అడిగితే "బొమ్మలు చేస్తాను" అని చెప్పేదాన్ని. మా అత్తగారు చాలాకాలం కొండపల్లి బొమ్మలే అనుకున్నారు. నేనూ సరిదిద్దలేదు, ఎందుకంటే పెద్ద తేడా లేదు. అక్కడ చెక్క, ఇక్కడ తెర, అంతే.

ఆ ఏడాది మాకు వచ్చిన పెద్ద ఆర్డరు రోమన్ సామ్రాజ్యం చివరి దశ మీద. నాలుగో శతాబ్దంలో చక్రవర్తిని కాపాడిన కావలి దళాలన్నీ మా వంతుకు వచ్చాయి. నేను శిల్పం చదువుకున్నదాన్ని. చరిత్ర అంటే ఇష్టం, పొరపాట్లంటే మంట. మొదటి వారం మా బృందంలోని పిల్లలు చేసి తెచ్చిన మోడళ్లు చూసి నా మంట నెత్తికెక్కింది. అందరికందరూ ఎర్ర అంగవస్త్రం, ఇనప పట్టీల కవచం, చేతిలో తలుపంత నలుపలకల డాలు. సినిమాల్లో చూసిన రోమన్లు!

"మనకు కావలసిన కాలానికి ఇవన్నీ తాతల నాటి బట్టలు. మీ పెళ్లికి మీ ముత్తాత కోటు వేసుకుని వెళ్తారా?" అని అడిగాను. మీరట్ కుర్రాడొకడు వెళ్తానన్నాడు. వాడి సంగతి వేరు.

అందరినీ కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. రోమ్‌లో పాత కావలి దళం ఒకటుండేది. చక్రవర్తిని కాపాడాల్సిన ఆ దళమే కొందరు చక్రవర్తుల్ని చంపింది. ఒకసారైతే సింహాసనాన్ని వేలం కూడా వేసింది. కంచే చేను మేసిన కథ. కాన్‌స్టంటైన్ వచ్చాక ఆ దళాన్ని రద్దు చేసేశాడు. ఆ తరవాత చక్రవర్తి వెంట ఉండే పని స్కోలే అనే గుర్రపు దళాలకు వచ్చింది. పొడుగు చేతుల చొక్కా, కాళ్లకు పంట్లాం, కోడిగుడ్డు ఆకారంలో పెద్ద డాలు, మెడలో బంగారు కంటె. ఆ దళాల్లోంచి కూడా ఏరి ఏరి తీసిన నలభైమందిని క్యాండిడాటి అనేవాళ్లు. వాళ్లు తొడిగేది తెల్లబట్టలు. చక్రవర్తి ఎక్కడుంటే అక్కడ ఆయన పక్కనే.

"గన్‌మన్లకు సఫారీ డ్రస్సు మాదిరి, మేడమ్," అన్నాడు వెనక కూర్చున్న ఓబులేశు. "దూరం నుంచే తెలియాల, ఈన సారు మనిషని."

ఓబులేశుది అనంతపురం జిల్లా. హైదరాబాద్‌లో యానిమేషన్ కోర్సు చేసి మా దగ్గర చేరాడు. ఢిల్లీ మునిర్కాలో గది. మా వారికి కేంద్ర ప్రభుత్వంలో ఉద్యోగం గనక మేము ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఇద్దరిదీ ఒకే దారి, ఒకే ఆఫీసు క్యాబు. ఆఫీసులో నన్ను మేడమ్ అనేవాడు, క్యాబు ఎక్కగానే అక్కా అనేవాడు. మాట తక్కువ, పని నాణ్యం. తెల్లబట్టల కావలివాడి మోడల్ తనకే ఇమ్మని అడిగాడు. అంతకుముందు ఏ పనీ నోరు తెరిచి అడగని మనిషి కాబట్టి సరేనన్నాను.

మామూలు కావలివాళ్లను గుంపులో చూస్తాం కాబట్టి మొహాలు ఎలా ఉన్నా చెల్లుతుంది. ఈ ఒక్కడి సంగతి వేరు. కథలో ఇతనికి ఒక కట్‌సీన్ ఉంది. కట్‌సీన్ అంటే ఆట మధ్యలో, ఆడేవాడు చేతులు కట్టుకుని చూసే చిన్న సినిమా లాంటిది. అడ్రియానోపుల్ దగ్గర యుద్ధంలో వాలెన్స్ చక్రవర్తి ఓడిపోతాడు. అతని చావు గురించి ఆ కాలంవాళ్లు రెండు రకాలుగా చెప్పుకున్నారు. మామూలు సైనికుల మధ్య బాణం తగిలి పడిపోయాడని కొందరు. గాయపడ్డ చక్రవర్తిని కొందరు తెల్లబట్టలవాళ్లు దగ్గర్లోని ఒక పల్లెటూరి మేడింట్లోకి మోసుకుపోయారని మరికొందరు. శత్రువులైన గోథ్‌లకు లోపల ఎవరున్నారో తెలియదు. తలుపు విరగలేదు, పై నుంచి బాణాలు పడుతున్నాయి. గడ్డీ కట్టెలూ పేర్చి ఇంటికి నిప్పు పెట్టేశారు. లోపలివాళ్లందరూ పోయారు, కిటికీలోంచి దూకిన ఒక్క కావలివాడు తప్ప. శత్రువులు అతన్ని పట్టుకున్నారు. లోపల ఉన్నది చక్రవర్తి అని అతను చెబితే, ప్రాణాలతో పట్టుకునే అవకాశం పోయిందే అని వాళ్లే ఏడ్చారట. తరవాత అతను తప్పించుకుని తనవాళ్ల దగ్గరికి వచ్చి జరిగింది చెప్పాడు. అతని పేరు మాత్రం ఎవరూ రాయలేదు.

ఓబులేశు చేసిన మొహాన్ని తెర మీద తిప్పి తిప్పి చూశాను. మాకు అలవాటైన అందగాడి మొహం కాదది. ముప్పై దాటిన మనిషి, వెడల్పు దవడ, కళ్ల కింద కొంచెం బరువు. చర్మం మరీ సహజంగా ఉంది. మోడల్ మీద చర్మంలా పరిచే బొమ్మను మేము టెక్స్చర్ అంటాం. దాన్ని చేత్తో రంగులద్ది చేయవచ్చు, నిజం మనిషి ఫోటోల నుంచి తీసుకోవచ్చు. ఎడమ చెవి కిందనుంచి దవడ దాకా కాలిన మచ్చ ఒకటి పెట్టాడు. పాత యోధుడి గుర్తు కాబోలనుకుని నేను మెచ్చుకుని పంపించేశాను.

నాలుగు రోజులకు క్లయింట్ నుంచి జవాబు వచ్చింది. అటువైపు ఆర్ట్ డైరెక్టర్ హెన్రిక్ అని ఒకాయన. మర్యాదస్తుడు, కానీ కంటికి ఏదీ తప్పించుకోదు. మొదట పొగిడాడు. తరవాత రెండు మాటలు రాశాడు. ఒకటి: "మొదటి అంకంలో, రాజభవనంలో చక్రవర్తి పక్కన నిలబడినప్పుడే ఇతని మొహం కాలి ఉంది. ఇల్లు కాలేది ఆఖరి అంకంలో కదా?" రెండు: "కిటికీలోంచి దూకేటప్పుడు ఇతని మొహంలో భయం చాలదు. పారిపోతున్నవాడని చూడగానే తెలియాలి."

మొదటిది చదివి నా తల కొట్టుకున్నాను. ఇన్నాళ్ల అనుభవం, ఇంత చిన్న సంగతి కనబడలేదు. ఓబులేశును పిలిచి, మచ్చ తీసేసి ఇంకో టెక్స్చర్ చేయమన్నాను. కాలకముందు ఒకటి, కాలాక ఒకటి. పూటలో అయిపోయే పని.

పూట గడిచింది, మర్నాడూ గడిచింది. వాడి తెర మీద మచ్చ అలాగే ఉంది. బ్రష్ పట్టుకుని కూర్చున్నాడు గానీ గీత పడటం లేదు.

సాయంత్రం క్యాబులో అడిగాను. డ్రైవరు పాటలు పెట్టుకున్నాడు, మిగతా ఇద్దరూ నిద్రపోతున్నారు.

"ఏమైందిరా నీకు?"

"అక్కా, ఆ మొహం మా అన్నది," అన్నాడు కిటికీలోంచి బయటికి చూస్తూ.

తరవాత ఆశ్రమ్ చౌరస్తా దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంతసేపూ చెప్పాడు. అన్న పేరు రామాంజులు. పోలీసు శాఖలో కానిస్టేబులు. వాళ్ల ప్రాంతంలో ఒక నాయకుడికి గన్‌మన్‌గా వేశారు. రెండేళ్ల కిందట ఆ నాయకుడి కారు మీద ప్రత్యర్థులు నాటుబాంబులు వేశారు. కారు పక్క కాలవలోకి ఒరిగి అంటుకుంది. నాయకుడూ డ్రైవరూ లోపలే పోయారు. రామాంజులు అద్దం పగిలిన కిటికీలోంచి బయటపడ్డాడు. విచారణలో అతని తప్పేమీ లేదని తేల్చారు. ఊరు మాత్రం తేల్చలేదు.

"సారు పోయినాడు, గన్‌మన్ దూకేసినాడు. ఇదే మాట అక్కా. టీ అంగడి కాడ పోతే లేసి పోతారు. మా వదినను నీళ్ల కాడ అంటారు. అన్న ఊళ్లో ఉండలేక సెలవు పెట్టి నా దగ్గరికొచ్చినాడు. ఇక్కడ పెద్దాసుపత్రిలో చేతులకు ఆపరేషన్లు జరుగుతావుండాయి. రెండేళ్లాయె, ఆ పొద్దు ఏం జరిగిందో నాక్కూడా చెప్పలే. నేనూ అడగలే."

"మరి ఈ పనెందుకు అడిగి తీసుకున్నావు?"

"ఆ కథ చదివినప్పుడు మా అన్న కథే అనిపించింది. ఇంకొకరు చేస్తే దొంగ మొహం పెడతారు. నేను మంచిగా చేస్తే, చూసినోళ్లు ఆ మనిషిని తిట్టరు గదా అనుకున్నా. అన్న నిద్రపోయినప్పుడు ఫోటోలు తీసినా."

మా పనిలో ఒక కట్టుబాటుంది. బతికున్న మనిషి మొహం వాడితే ఆ మనిషి సంతకం పెట్టిన అనుమతి కాగితం కావాలి. లేకపోతే కాంట్రాక్టు పోతుంది, చేసినవాడి ఉద్యోగమూ పోతుంది. మర్నాడు మా స్టూడియో హెడ్‌కు చెప్పాను. దాచలేదు. ఆయన కాసేపు పెన్ను తిప్పుతూ కూర్చుని, "సోమవారానికల్లా అనుమతి తీసుకురండి, లేదా వేరే మొహం పెట్టండి," అన్నాడు. అది న్యాయమైన మాటే.

నాకు మాత్రం ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొహం మారిస్తే ఓబులేశు గుండె పగులుతుంది, పని మాత్రం ఆగదు. అనుమతి అడగాలంటే, ఊరు విడిచి వచ్చిన మనిషి దగ్గరికి వెళ్లి, "అయ్యా, దూకి బతికిన కావలివాడికి మీ మొహం పెట్టాం, లోకమంతా చూస్తుంది, సంతకం చేయండి" అని చెప్పాలి. వద్దంటే వద్దనే హక్కు ఆయనది. కానీ అసలు అడగకుండా మొహం మార్చేసి చేతులు దులుపుకోవడం నాకు నచ్చలేదు. తన మొహం ఎక్కడెక్కడ తిరిగిందో ఆ మనిషికి తెలియాలి. ఆదివారం ఉదయం ఓబులేశు వాళ్ల గదికి వెళ్లాను.

మునిర్కాలో ఇళ్లు ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. ఎదురింటివాళ్లు పప్పులో పోపు వేస్తే మనింట్లో తుమ్మొస్తుంది. కింద వాకిట్లో ఇంటి యజమానురాలు మెంతికూర తుంచుతోంది. "ఊపర్, దీదీ, తీస్రీ మంజిల్," అని చేయి చూపించి, "బడా భాయి బహుత్ శరీఫ్ హై, బోల్తా హీ నహీ," అంది. పెద్దాయన చాలా మర్యాదస్తుడు, మాటే ఉండదు అని. ఆ సర్టిఫికెట్ చేతపట్టుకుని మూడో అంతస్తు ఎక్కాను.

రామాంజులు లేచి నిలబడ్డాడు. ఆరడుగుల మనిషి, నిలువుగా నిలబడతాడు. మొహం నాకు బాగా తెలిసిన మొహం, వారాల తరబడి తెర మీద అన్ని వైపుల నుంచీ తిప్పి చూశాను గదా. చేతులు మాత్రం అప్పుడే చూశాను. రెండు అరచేతులూ, వేళ్ల లోపలి వైపూ కాలి, చర్మం బిగుసుకుపోయి, వేళ్లు పూర్తిగా విచ్చుకోవు.

"కూచోండి మేడమ్. వాడు చెప్పినాడు మీరొస్తారని. ఎందుకో చెప్పలే."

ఓబులేశు గోడవైపు చూస్తున్నాడు. వెంట తెచ్చుకున్న ల్యాప్‌టాప్ తెరిచి మోడల్ చూపించింది నేనే. తెల్లబట్టలు, మెడలో కంటె, డాలు, ఆ మొహం. రామాంజులు ముందు బట్టలు చూశాడు. తరవాత మొహం చూశాడు. ఎడమ చేయి ఎత్తి తన దవడ తడుముకున్నాడు.

"ఇది నేను."

"అవునండీ. మిమ్మల్ని అడగకుండా చేశాడు. తప్పే. మీరు వద్దంటే ఇప్పుడే తీసేస్తాం."

"ఈన ఎవురు?"

నేను కథ చెప్పాను. ఏదీ తగ్గించలేదు, పెంచలేదు. ఓటమి, మేడిల్లు, నిప్పు, కిటికీ. ఆయన కదలకుండా విన్నాడు.

"మళ్లా?" అన్నాడు. "తిరిగొచ్చి చెప్పినాడంటిరి. నమ్మినారా?"

ఇక్కడ అబద్ధం చెప్పడం చాలా తేలిక. నమ్మారు, మెచ్చుకున్నారు, ఉద్యోగం కూడా ఇచ్చారు అని చెప్పవచ్చు. అడిగేది పదహారు వందల ఏళ్ల కిందటి సంగతి, ఎవరొచ్చి కాదంటారు? కానీ ఆ కళ్లలోకి చూస్తూ చెప్పలేకపోయాను.

"కొందరు నమ్మినట్టున్నారు. కొందరు వేరేగా చెప్పుకున్నారు. ఆ కాలంలో చరిత్ర రాసినాయన రెండూ రాసి పెట్టాడు. ఏది నిజమో తేల్చలేదు."

"రాసినాడు గదా," అన్నాడు రామాంజులు. "ఈన చెప్పింది గూడా రాసినాడు. అది చాలు."

కాసేపటికి తనే అన్నాడు: "మా తమ్ముడు నన్ను దేవుని మాదిరి చేసినాడు. నేనట్ల లేను మేడమ్."

"నాకట్లనే కనపడతావు," అన్నాడు ఓబులేశు గోడతో.

"నీకు కనపడతాది. నువ్వు తమ్మునివి."

ఆ తరవాత ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. నాకు చెబుతున్నట్టుగా చెప్పాడు గానీ చెప్పింది తమ్ముడికి. "కారు పడినాంక నేను పైన ఉండా. సారు కింద ఉండారు, సీటు మీద పడింది. లోపల తలుపు పిడి రాలే. పొగ. కిటికీలో నుంచి దూకినా. బయట నుంచి తలుపు తీద్దామని దూకినా అని విచారణలో చెప్పినా. అట్లనే రాసుకున్నారు. కానీ రేయింబగళ్లు అదే ఆలోచన చేస్తా. తలుపు తీద్దామని దూకినానో, కాలుతుందని దూకినానో, నాకే తెల్దు. అప్పుడు మనసులో మాటలుండవు మేడమ్. కాళ్లు పోతాయి, అంతే."

"మరి చేతులు?" అన్నాను.

"తలుపు పట్టుకున్నా. ఎర్రగా కాలిపోయింది. రాలే."

"ఈ సంగతి ఊళ్లో చెప్పలేదా మీరు?"

"ఏమని చెప్పేది? సారు ఇంటామె ముందర చేతులు చూపించుకుంటా నిలబడాల్నా?" అన్నాడు. కోపంగా కాదు, అలసటగా.

ఓబులేశు అన్న పక్కకు వచ్చి కూర్చున్నాడు. ఏడవలేదు. ఆ బిగుసుకున్న చేతిని తీసుకుని తన మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను మాత్రం ఏడ్చాను. అక్కడ ఏడవాల్సింది నేను కాదని తెలిసీ ఏడ్చాను.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. చాలా మంచి ఆలోచన అనుకున్నాను. "కట్‌సీన్‌లో ఆ కావలివాడు కిందపడి లేచి, మళ్లీ తలుపు దగ్గరికి వెళ్లి, రెండు చేతులతో పట్టుకుని లాగినట్టు పెడదాం. క్లయింట్‌ను నేను ఒప్పిస్తాను. చూసినవాళ్లకు తెలుస్తుంది," అన్నాను.

ఓబులేశు మొహం వెలిగింది. రామాంజులు తల అడ్డంగా ఊపాడు.

"తలుపు కాడికి పోయినట్లు రాసినారా?"

"లేదండీ."

"మరెట్ల పెడతారు? నేను పోయినా. ఆయప్ప పోయినాడో లేదో మనకు తెల్దు. నా కోసరం ఆయప్ప మీద లేనిది పెట్టొద్దు. మంచిదైనా సరే, లేనిది లేనిదే." కొంచెం ఆగి, "అట్లని పిరికోని మొహం గూడా పెట్టొద్దు. అదీ రాయలేదు గదా," అన్నాడు.

పిరికివాడని గోథ్‌లు కూడా అనలేదు, నిజమే. దూకాడని మాత్రమే ఉంది. దానికి భయం అని పేరు పెట్టింది హెన్రిక్. వీరత్వం అని పేరు పెట్టబోయింది నేను. ఎవరి సౌకర్యం వాళ్లది.

ఆ రెండూ పెట్టబోమని చెప్పాక ఆయన అనుమతి కాగితం అందుకున్నాడు. సంతకం పెట్టడానికి ఆయనకు పెన్ను సరిగా నిలవలేదు. ఓబులేశు సాయం పడతానంటే వద్దన్నాడు. మెల్లగా, పూర్తి పేరు రాశాడు.

సోమవారం నుంచి ఓబులేశు చేయి కదిలింది. కాలకముందటి మొహం చేయాలి గదా. అన్న ఉద్యోగంలో చేరిననాటి ఫోటో ఊరినుంచి తెప్పించుకున్నాడు. కాలిన చోట, చెవి కింద, మామూలు చర్మాన్ని పొర మీద పొరగా వేసుకుంటూ వచ్చాడు. పనంతా అయ్యాక నన్ను పిలిచి, "ఇట్ల ఉండె అక్కా మా అన్న," అన్నాడు. అంతకుముందు నేను ఎన్ని మొహాలు ఆమోదించానో లెక్కలేదు. ఆ మొహం కింద ఓకే అని రాయడానికి మాత్రం నాకు కొంచెం సమయం పట్టింది.

ఇక మిగిలింది హెన్రిక్. క్లయింట్ మాటకు ఎదురుచెప్పడం మా కార్ఖానాలో ఆనవాయితీ కాదు. వాళ్లు ఆకాశం ఆకుపచ్చ అంటే ఏ ఆకు రంగు అని అడుగుతాం. ఆరోజు ఫోన్‌లో మాత్రం, భయం పెట్టలేము అన్నాను. కారణం అడిగాడు. రామాంజులు అనుమతి ముందే తీసుకున్నాను కాబట్టి, పేరూ ఊరూ లేకుండా జరిగింది చెప్పాను. పాత కథలో ఏముందో, ఏం లేదో కూడా చెప్పాను.

అటువైపు పేజీలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. తరవాత ఆయన అన్నాడు: "నేనూ ఆ కథ చదివాను. పారిపోయాడు అన్న మాట అందులో ఉందనే ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇప్పుడు వెతికితే లేదు. సరే, కిందపడి, లేచి, ఇంటివైపు తిరిగి చూడనివ్వండి. పరిగెత్తనవసరం లేదు. శత్రువులు వచ్చి పట్టుకుంటారు, అంతవరకే."

యానిమేషన్ అయ్యాక రామాంజులును ఆఫీసుకు పిలిచాం. ఆస్పత్రికి వెళ్లే దారి కాదు, అయినా వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెక్యూరిటీ దగ్గర ఎంట్రీ పుస్తకంలో పేరు రాయించుకుని, విజిటర్ బ్యాడ్జి జేబుకు తగిలించుకుని వచ్చాడు. ఆ ఒక్క కావలివాడి పని మీద కూర్చున్న ముగ్గురమే చిన్న గదిలో ఉన్నాం. తెర మీద మొదటి అంకం వచ్చింది. రాజభవనం, చక్రవర్తి, పక్కనే తెల్లబట్టల మనిషి, నున్నటి దవడ. రామాంజులు ఆ మొహాన్ని ఎవరో పాత స్నేహితుణ్ని చూసినట్టు చూశాడు. తరవాత యుద్ధం, మేడిల్లు, మంట. కిటికీ. తెల్లబట్టల మనిషి నేలమీద పడ్డాడు. మోకాళ్ల మీద లేచాడు, ఇంటివైపు తిరిగాడు. మంట వెలుగులో ఎడమ దవడ కాలి ఉంది. మరుక్షణం గోథ్ సైనికులు వచ్చి భుజాలు పట్టుకున్నారు. అయిపోయింది.

మేం ముగ్గురం తెరను చూడటం మానేసి ఆయన్నే చూస్తున్నాం. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి చెప్పొచ్చునా మేడమ్?"

"చెప్పండి."

"వాళ్లను అంత తొందరగా రానీయొద్దండి. ఇంకొంచెంసేపు అట్లనే నిలబెట్టండి ఆయప్పను. ఆ పొద్దు నేను చానాసేపు నిలబడినా. తలుపు రాలే, మంట పెద్దదాయె, ఇంకేం లేదు చేసేదానికి. పక్క ఊరోళ్లు వచ్చి ఈడ్చుకొనిపోయేదాకా నిలబడినా. ఎవురూ ఆ నిలబడింది చూడలే. దూకింది చూసినోళ్లే అందరూ."

యానిమేటర్ ఢిల్లీ పిల్ల, తెలుగు రాదు. ఓబులేశు హిందీలో చెప్పాడు, "భయ్యా కహ్ రహే హై, థోడీ దేర్ ఔర్ ఖడా రఖో." ఆమె సరేనని తల ఊపి, అప్పటికప్పుడు షాట్ పొడిగించింది. మళ్లీ వేసింది. ఇల్లు కాలుతోంది, మనిషి నిలబడి ఉన్నాడు. కదలడు. చూడటానికి ఇబ్బందిగా ఉండేంతసేపు నిలబడ్డాడు.

"ఇంకా," అన్నాడు రామాంజులు.

ఇంకా పొడిగించింది. హెన్రిక్ దాన్ని కత్తిరిస్తాడనుకున్నాం. కత్తిరించలేదు.

ఈ వృత్తిలో కదలికకే విలువ. దూకడం, పరిగెత్తడం, కత్తి ఎత్తడం. ఊరికే నిలబడితే ఆడేవాడు విసుక్కుంటాడని మాకు మొదటిరోజే నేర్పుతారు. నేనూ నా దగ్గరికొచ్చిన పిల్లలందరికీ అదే నేర్పాను. ఆ పని తరవాత ఇంకొకటి కూడా చెప్పడం మొదలుపెట్టాను. మనిషి ఏదో ఒకటి చేసిన క్షణమే అందరికీ కనబడుతుంది, దాన్ని బట్టే అతనికి పేరు పెడతారు. ఏమీ చేయలేక అతను నిలబడిపోయిన సమయం ఎవరికీ కనబడదు. బొమ్మ చేసేవాళ్లం, మనం అయినా దాన్ని చూడాలి అని.

చేతుల వైద్యం పూర్తయ్యాక రామాంజులు ఊరికి తిరిగి వెళ్లాడు. వెళ్లిన వారానికి నాయకుడి భార్య ఇంటికి ఒక్కడే వెళ్లాడని ఓబులేశు క్యాబులో చెప్పాడు. ఆమె రమ్మనలేదు, పొమ్మనలేదు. వాకిలి దగ్గరే నిలబడి మొదటినుంచి చివరిదాకా విన్నది. అంతా విన్నాక, "అంతసేపు అక్కడే ఉన్నావా నాయనా, చివరిదాకా ఆయన ఒంటరిగా లేడన్నమాట," అని తలుపు పక్కనే నేలమీద కూర్చుండిపోయిందట.